‘నవల్లో ఇలా లేదు’

ప్రశ్న:

నా వయసు యాభై రెండు. ఒక నవల గురించి, దాని ఆధారంగా తీసిన సినిమా గురించి, ఆ రెండింటి వల్ల మా ఇంట్లో మూడు వారాలుగా నడుస్తున్న గొడవ గురించి రాస్తున్నాను. నవల పేరు చెప్పను. చెబితే మీరూ ఏదో ఒక పక్షం పట్టేస్తారు.

ఆ నవల మొదటిసారి చదివినప్పుడు నాకు పదిహేడేళ్లు. తర్వాత ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. అట్ట ఊడిపోతే రెండుసార్లు బైండు చేయించాను. సినిమాగా వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. మొదటి వారమే మా ఆయన, మా అమ్మాయి, నేను కలిసి వెళ్లాం. కథానాయిక తెర మీదికి రాగానే నాకు నీరసం వచ్చేసింది. నవల్లో ఆమె పొడగరి, చామనఛాయ మనిషి, పెద్దగా నవ్వదు. సినిమాలో అమ్మాయి ఎంతసేపూ నవ్వుతూనే ఉంది. నవలకు ప్రాణంలాంటి పిన్ని పాత్ర అసలు లేనే లేదు. ఇక ముగింపు. నవల్లో ఆమె అతన్ని వదిలి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. సినిమాలో బస్సు దిగి పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చేస్తుంది.

ఉండబట్టలేక సినిమా నడిచినంతసేపూ ‘నవల్లో ఇలా లేదు’ అని మా అమ్మాయి చెవిలో అంటూనే ఉన్నాను. చివర్లో అది కళ్లు తుడుచుకుంటుంటే, ‘అసలు నవల్లో ఆమె తిరిగి రానే రాదు తెలుసా’ అన్నాను. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటోంది. నవల ఇవ్వబోతే ‘నీ పుస్తకం నువ్వే ఉంచుకో’ అంది. మా ఆయనేమో ‘సినిమాని సినిమాలా చూడాలి, నీకు చూడటం రాదు’ అంటున్నారు.

ఇష్టమైన నవలను మార్చేస్తే బాధపడటం తప్పా? లేక నేను చూసిన తీరులోనే తప్పుందా?

– ఒక పాఠకురాలు

సమాధానం:

నవల పేరు దాచిపెట్టి మంచి పనే చేశారు. చెప్పి ఉంటే ఈ జవాబంతా ఆ ఒక్క సినిమా బాగుందా లేదా అన్నదాని చుట్టూనే తిరిగేది. అయినా ఒక పూటంతా కూర్చుని అదేమై ఉంటుందా అని ఆలోచించాననీ, మూడు పేర్లు రాసుకుని మూడూ కొట్టేశాననీ ఒప్పుకుంటున్నాను.

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, అది తేలిక. హాల్లో పక్కవాళ్ల చెవిలో అలా అంటూ ఉండటం తప్పే. చివర్లో అన్న మాట మరీ తప్పు. ఆ మాటతో మీ అమ్మాయికి సినిమా ఇచ్చిన ఏడుపు చెడిపోయింది. రేపెప్పుడైనా నవల చదివితే ఆఖరి పేజీలో తగలాల్సిన దెబ్బ కూడా ముందే తగిలేసింది. ఒక్క వాక్యంతో రెండు కథల ముగింపులూ పాడు చేశారు. ముప్పై అయిదేళ్లుగా మీరు అపురూపంగా దాచుకున్నది ఆ ముగింపునే కదా, దాన్ని మీ చేతులతో మీరే అలా పారేసుకున్నారేమిటని చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది.

మొదటి ప్రశ్న అంత తేలిక కాదు. బాధపడటం తప్పు కాదు గానీ, మీరు రాసిన మూడు ఫిర్యాదులూ ఒక జాతివి కావు. వాటిని కలగాపులగం చేసి ‘నవల్లో ఇలా లేదు’ అనే ఒకే సంచిలో వేసేశారు. విడదీసి చూద్దాం.

అంతకంటే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నాకూ చిన్నప్పటి నుంచి ప్రాణమైన నవల ఒకటి ఉంది. అందులో తండ్రి కొడుకుని రైలెక్కించే ఘట్టం వస్తుంది. జోరున వాన, తండ్రి చేతిలో పాత గొడుగు, రైలు కనుమరుగయ్యే దాకా ఆయన అలాగే నిలబడి ఉండటం. ఆ నవలను సినిమాగా తీసినప్పుడు ఆ ఘట్టం పెట్టలేదు. నేను మండిపడ్డాను. ఆ సినిమా ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ‘గుండెకాయలాంటి సీను తీసి పారేశారండీ’ అని పదేళ్ల పాటు కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఆ తర్వాత ఏదో పని మీద ఆ నవల మళ్లీ తీశాను. తండ్రి స్టేషన్‌కి వచ్చాడు అని ఒకే ఒక్క వాక్యం ఉంది. వాన లేదు, గొడుగు లేదు, నిలబడటం అసలే లేదు. చాలాసేపు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాను, ప్రచురణకర్తలు ఏమైనా కోత పెట్టారేమోనని కూడా అనుమానపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. నన్ను మొదటిసారి హాస్టల్‌కి పంపిన రోజు వాన కురిసింది. గొడుగు మా నాన్నది.

పాపం ఆ దర్శకుడు నవలనే తీశాడు. నేను మాత్రం మా నాన్నని తియ్యలేదని పదేళ్లు తిట్టాను.

మీరు కూడా అచ్చం ఇలాగే పొరబడ్డారని అనడం లేదు. అన్నిసార్లు చదివిన మనిషికి పుస్తకం నాకంటే బాగానే గుర్తుంటుంది. కానీ ఎక్కువసార్లు చదివిన పుస్తకంలో మనం చేర్చినది కూడా ఎక్కువే ఉంటుంది. అందుకని ఏ నిర్ణయానికైనా వచ్చే ముందు మీ ఫిర్యాదులు కాగితం మీద రాసుకుని, నవల తెరిచి, ఒక్కొక్కటీ నిజంగా అక్కడ ఉందో లేదో చూడండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఇక కథానాయిక రూపం. ఇందులో మీ పక్షాన నిలబడలేను. ఇప్పుడే కళ్లు మూసుకుని ఆమె ముక్కు ఎలా ఉంటుందో చెప్పండి. చెవులు? నుదురు? ముప్పై అయిదేళ్లుగా తెలిసిన మనిషి కదా. చెప్పలేరు, ఎందుకంటే రచయిత చెప్పలేదు. పొడుగు, రంగు, నవ్వకపోవడం అనే మూడు గుర్తులిచ్చి మిగతాది మీకు వదిలేశారు. జర్మన్ సాహిత్య విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఐజర్ 1970ల్లో దీన్ని చక్కగా పట్టుకున్నారు. ‘టామ్ జోన్స్’ అనే పాత ఇంగ్లీషు నవల చదివినవాళ్లకి నాయకుడి రూపం ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. అయినా సినిమా చూడగానే ‘నేను అనుకున్నది ఇతన్ని కాదు’ అంటారు. ఎవర్ని అనుకున్నారని అడిగితే చెప్పలేరు. చదివేటప్పుడు ఆ మనిషి మన మనసులో ఘట్టాన్ని బట్టి మారుతూ ఉంటాడు, కెమెరా ముందుకొచ్చేసరికి ఒకే ముఖంగా గట్టిపడిపోతాడు. మనకు నచ్చనిది ఆ గట్టిపడటం. ఎంత గొప్ప నటి వేసినా మొదటి పది నిమిషాలు ఈ నీరసం తప్పదు, ఇది దర్శకుడి నేరమూ కాదు, ఆ అమ్మాయి నేరమూ కాదు.

అయితే మీరు రాసిన మూడు గుర్తుల్లో ఒకటి రూపానికి సంబంధించింది కాదు. ‘పెద్దగా నవ్వదు’ అన్నది స్వభావం. పొడుగూ రంగూ వదిలెయ్యండి, నవ్వుని మాత్రం వదలొద్దు. పాఠకులు ఇలాంటి చోటే నిజంగా నొచ్చుకుంటారు, చిత్రమేమిటంటే ఒక్కోసారి ఒక్క మాట దగ్గరే నొచ్చుకుంటారు. హ్యారీ పాటర్ నాలుగో పుస్తకంలో, పోటీ కలశంలో నీ పేరు నువ్వే వేశావా అని హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ హ్యారీని ప్రశాంతంగా అడుగుతాడు. 2005లో వచ్చిన సినిమాలో దూసుకొచ్చి పిల్లవాణ్ని పట్టుకుని అరిచినంత పని చేస్తాడు. ఆ పుస్తకంలో ఇళ్లలో వెట్టిచాకిరీ చేసే ‘ఎల్ఫ్’ అనే పొట్టి జీవుల ఉపకథ ఒకటుంది, సినిమాలో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. అంత పెద్ద కోతనైనా క్షమించారు గానీ ‘ప్రశాంతంగా’ అన్న ఆ ఒక్క మాటను మాత్రం ఆ నవలల అభిమానులు ఇప్పటికీ జోకులు వేసుకుంటూ తలుచుకుంటారు. అందులో న్యాయముంది. ఎంత ఉపద్రవం ముంచుకొచ్చినా తొణకని పెద్దాయన కాబట్టే ఆ పిల్లవాడు ఆయన్ని నమ్మాడు. మీ కథానాయిక నవ్వు కూడా అలాంటిదేనా? ఆమె నవ్వకపోవడం వల్ల నవల్లో ఏం జరిగింది? ఆమె మనసులో ఏముందో అతనికి ఆఖరిదాకా అంతుపట్టలేదా? అలాగైతే ఆ నవ్వు కథనే మార్చేసింది. ఊరికే రచయిత ఒక చోట రాసిన వర్ణన మాత్రమే అయితే పోనివ్వండి.

పిన్ని దగ్గర నేను సగం మీవైపు, సగం వాళ్లవైపు.

వాళ్లవైపు ఎందుకంటే, లెక్క అలా ఉంది. మూడు వందల పేజీల నవలను మామూలు వేగంతో పైకి చదివితే తొమ్మిది పది గంటలు పడుతుంది. సినిమాకు ఉన్నది రెండున్నర గంటలు. స్క్రిప్టు రాసేవాళ్లు పేజీకి ఒక నిమిషం అని లెక్క వేసుకుంటారు. ఎవరో ఒకరు బయటికి పోక తప్పదు. ‘గాన్ విత్ ద విండ్’ నవల్లో కథానాయిక స్కార్లెట్‌కి ముగ్గురు పిల్లలు. 1939లో వచ్చిన సినిమాలో ఒక్క పాపే. దాదాపు నాలుగు గంటల సినిమాలో కూడా ఇద్దరు కన్నబిడ్డలకు చోటు దొరకలేదు, అయినా దాన్ని గొప్ప అనుసరణగానే చెప్పుకుంటారు. ఒక్క ముక్కా వదలకుండా తీస్తే ఏమవుతుందో చూసినవాళ్లూ ఉన్నారు. ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ అనే దర్శకుడు ‘మెక్‌టీగ్’ నవలను ‘గ్రీడ్’ పేరుతో తీస్తూ అంతా పెట్టాలని పంతం పట్టారు. మొదట తయారైన ప్రతి ఎనిమిది గంటలకు పైమాటే. స్టూడియో వాళ్లు కోసి కోసి 1924లో రెండు గంటల పైచిలుకు సినిమాగా వదిలారు, తీసేసిన రీళ్లు ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. రచయితే దర్శకుడైనా మార్పు తప్పదు. వంశీ తన సొంత నవల ‘మహల్లో కోకిల’ను 1984లో సినిమాగా తీసినప్పుడు పేరుతో సహా మార్చి ‘సితార’ అన్నారు.

మీవైపు ఎందుకంటే, మనిషిని తీసేయొచ్చు గానీ ఆ మనిషి చేసే పనిని తీసేయకూడదు. నవల్లో ఆ పిన్ని చేసే పనేమిటో మీరు రాయలేదు. నేను ఊహిస్తాను, తప్పైతే దిద్దండి. ఒక ఇంట్లో సర్దుకుపోతూ బతుకంతా గడిపేసిన మనిషి అయ్యుంటుంది, లేదా ఒకప్పుడు వెళ్లిపోవాలనుకుని వెళ్లలేకపోయిన మనిషి. ఆమెను చూసే కదా కథానాయిక చివర్లో వెళ్లిపోతుంది? నా ఊహ నిజమైతే మీ రెండో ఫిర్యాదూ మూడో ఫిర్యాదూ ఒకటే. పిన్నిని స్క్రిప్టు లోంచి తీసేసిన రోజే ఆ ముగింపు మారిపోయింది. వెళ్లిపోవడానికి కారణం తెర మీద లేకుండా పోయాక, ఆమె వెళ్లిపోతే చూసేవాళ్లకు అర్థం కాదు. అందుకని బస్సు దింపారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ముగింపు మార్చడం దానంతట అది నేరం కాదు. నేను ఎంతో ఇష్టపడే మార్పు ఒకటి చెబుతాను. విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘పథేర్ పాంచాలీ’ నవల్లో అక్కా తమ్ముడు రైలు చూడాలని బయల్దేరతారు, వాళ్ల పరుగు రైలు దాకా చేరదు. తర్వాత దుర్గకు జ్వరం వస్తుంది. మంచం మీద పడుకుని, నాకు తగ్గాక ఒకరోజు రైలు చూపిస్తావా అని తమ్ముణ్ని అడుగుతుంది. రైలు చూడకుండానే ఆ పిల్ల పోతుంది. 1955లో సత్యజిత్ రే తీసిన సినిమాలో, తెల్లటి రెల్లుపూల మధ్య పిల్లలిద్దరూ పరుగెడతారు, నల్లటి పొగ చిమ్ముకుంటూ రైలు రానే వస్తుంది. ప్రపంచ సినిమాలో అంతగా చెప్పుకునే దృశ్యాలు కొన్నే ఉంటాయి. మీలాంటి పాఠకురాలు ఎవరైనా ఆ రోజు హాల్లో కూర్చుని ‘నవల్లో రైలు రాదు’ అని అనుకునే ఉంటుంది. నిజమే, రాదు. కానీ ఆ నవలకు ప్రాణం, దూరంగా ఉన్న దాని కోసం ఆ పిల్లల తపన. పేజీ మీద ఆ తపనను మాటల్లో చెప్పొచ్చు. తెర మీద పరుగు కావాలి, పొగ కావాలి, చప్పుడు కావాలి. రే ఒక సంఘటనను మార్చి దాని వెనకున్న తపనను కాపాడారు.

దీనికి ఎదురుగా ఇంకోటి. స్టీఫెన్ కింగ్ 1977 నాటి నవల ‘ద షైనింగ్’ను 1980లో స్టాన్లీ కుబ్రిక్ సినిమాగా తీశారు. నవల్లో హోటల్ బాయిలర్ పేలి కాలిపోతుంది. సినిమాలో మంచు నిండిన చిక్కుదారుల తోటలో, ఆ హోటల్‌కి కాపలాగా కుటుంబంతో వచ్చిన జాక్ అనే తండ్రి గడ్డకట్టి చనిపోతాడు. కింగ్‌కి ఆ సినిమా నచ్చలేదు, ఆ మాట ఆయన చాలాసార్లు చెప్పారు. ఆయన ఫిర్యాదు ఏమిటో చూడండి. బాయిలర్ ఏదీ అని కాదు. తన నవల్లో జాక్ మొదట్లో మంచివాడు, కుటుంబాన్ని ప్రేమించేవాడు, క్రమంగా చెడిపోతాడు. సినిమాలో మొదటి సీను నుంచే పిచ్చివాడిలా కనిపిస్తున్నాడు, ఇక పడిపోవడానికి ఎత్తేముంది అని. నవల రాసినాయన కూడా ‘నవల్లో ఇలా లేదు’ దగ్గర ఆగిపోలేదు. సినిమా వల్ల ఏం పోయిందో చెప్పారు. ఆ తర్వాత 1997లో ఆయనే స్క్రిప్టు రాసి టీవీ కోసం నవలకు దగ్గరగా తీయించారు. మరి ఈ రోజు ‘ద షైనింగ్’ అనగానే ఎక్కువమందికి కళ్ల ముందు కదిలేది కుబ్రిక్ సినిమానే. నేను కింగ్ ఫిర్యాదుతో ఏకీభవిస్తాను, కుబ్రిక్ సినిమానూ మళ్లీ మళ్లీ చూస్తాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమిడి ఉండొచ్చు. మీ ఇంట్లో ఎవరో ఒకరు గెలవాలన్నట్టుగా గొడవ నడుస్తోంది కాబట్టి చెబుతున్నాను.

మీ సినిమా నేను చూడలేదు, పేరే తెలియదు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనుమానంగా ఉన్నది ఇది. ఆమె వెళ్లిపోవడానికి దారితీసే ఘట్టాలన్నీ నవల్లోవి నవల్లోలాగే ఉంచి, చివరి అయిదు నిమిషాలు మాత్రం మార్చారా? అలా చేసి ఉంటే మీ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అప్పుడు కూడా కారణం ‘నవల్లో తిరిగి రాదు’ అని కాదు. ‘ఈ సినిమాలో రెండుంపావు గంటల పాటు మాకు చూపించిన ఆ మనిషి తిరిగి రాదు’ అని. నవల చదవని మీ ఆయనతో కూడా ఈ మాట వాదించొచ్చు. ఉదాహరణకి, ‘ఆ రాత్రి వంటింట్లో ఆమె అన్న మాట గుర్తుందా? ఆ మాట అన్న మనిషి బస్సు దిగుతుందా?’ అని అడగొచ్చు. ఆయన చూసిన దాంట్లోంచే అడుగుతున్నారు కాబట్టి ఆయన జవాబు చెప్పాలి. ‘నవల్లో ఇలా లేదు’ అంటే మాత్రం చదవనివాళ్లు చేయగలిగేది నోరు మూసుకోవడమే. మీ అమ్మాయి చేసింది అదే.

అలాగని మీ ఆయన్ని వదిలిపెట్టను. ‘సినిమాని సినిమాలా చూడాలి’ అన్న మాట వినడానికి బాగుంటుంది, అందులో సగమే నిజం. నవల పేరు పోస్టరు మీద వేసి, రచయిత పేరు చెప్పుకుని, చదివినవాళ్ల అభిమానాన్ని మొదటి వారం టికెట్లుగా మార్చుకున్నాక, లోపలికి వచ్చి కూర్చున్నవాళ్లతో ‘నవల మర్చిపోండి’ అనడం కుదరదు. కథ బాగా మారిపోయిందనుకున్నవాళ్లు పేరు మార్చుకోవచ్చు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా వచ్చింది. ఆ సినిమా పేరు ఎందుకు మార్చారన్నది వేరే సంగతి గానీ, కొత్త పేరు పెడితే చూసేవాళ్లు కొంచెం కొత్త మనసుతో కూర్చుంటారు. పాత పేరే ఉంచుకున్నప్పుడు మీరు అడగొచ్చు. మీ ఆయనకు ఈ పేరా చూపించండి.

ఇంకో చిన్న విషయం. ఒక నవలకు వచ్చే మొదటి సినిమా మీదే మనం అందరికంటే కఠినంగా ఉంటాం. శరత్ ‘దేవదాసు’ను చూడండి. 1917లో అచ్చయిన నవల. 1935లో బరువా, 1953లో మన వేదాంతం రాఘవయ్య, 1955లో బిమల్ రాయ్, 2002లో భన్సాలీ, మధ్యలో ఇంకా ఎందరో తీశారు. నవల్లో పార్వతి, చంద్రముఖి ఎదురుపడనే పడరు. భన్సాలీ వాళ్లిద్దరి చేతా కలిపి డాన్సు చేయించారు. నవల ప్రేమికులు ముఖం చిట్లించారు, అంతే, కొంప మునిగిపోలేదు. ఇంకా చాలా దేవదాసులు ఉన్నారు కదా, నచ్చినవాళ్లు నచ్చినదాన్ని చూసుకుంటారు. మీ నవలకు ఇప్పటికి ఒక్కటే సినిమా ఉంది కాబట్టి అదే దాని ఆఖరి గతి అన్నట్టు భయపడుతున్నారు. పుస్తకం ఎక్కడికీ పోలేదు, బైండు చేయించి మరీ పెట్టుకున్నారు.

దేవదాసు మాట వచ్చింది కాబట్టి మరోటి. శరత్ మన రచయితే అనుకునేంతగా ఆయన నవలలను చక్రపాణి తెలుగులోకి తెచ్చారు. మనం కన్నీళ్లు పెట్టుకుని చదివినది అనువాదం. బెంగాలీలో చదివినవాళ్లు ఎవరైనా మన పక్కన కూర్చుని పేజీ పేజీకీ ‘అసలులో ఇలా లేదు’ అని చెవిలో అంటూ ఉంటే మనకెలా ఉండేది? ఏది ముందు మన దగ్గరికి వస్తే అదే మనకు అసలు. 1953 నాటి సినిమా చూసి, ఘంటసాల గొంతు విని, తర్వాతెప్పుడో నవల పట్టుకున్న తెలుగువాళ్లు ఎంతమందో. వాళ్లకు నవల చదువుతున్నంతసేపూ నాగేశ్వరరావే కనిపించారు, సావిత్రే కనిపించింది. ‘ఇందులో ఆ పాట లేదే’ అనుకున్నవాళ్లూ ఉంటారు.

మీ అమ్మాయి పరిస్థితి అది. దానికి ఆ సినిమానే అసలు. నవ్వే కథానాయికే కథానాయిక. మీకు ముప్పై అయిదేళ్ల కిందట జరిగినదే దానికి మూడు వారాల కిందట జరిగింది, అది మీ పక్క సీట్లోనే జరిగింది. మీరు ఆ సమయంలో పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారులా ఒక్కో సీనుకీ మార్కులు వేసుకుంటూ కూర్చున్నారు కాబట్టి చూసుకోలేదు. ఇంకో మాట కూడా అంటాను, కోపం తెచ్చుకోకండి. మీ చిరాకులో కొంచెం అసూయ లేదూ? ఇన్నాళ్లూ ఆ మనుషులు మీకొక్కరికే తెలుసు. ఇప్పుడు ఊరంతటికీ తెలిసిపోయారు, అదీ ఒక్క పేజీ కూడా తిప్పకుండా. నాకు నా గొడుగు నవల విషయంలో అచ్చంగా ఇదే ఉండేది, పైకి మాత్రం సాహిత్య విలువలు అనేవాణ్ని.

కాబట్టి ముందు అమ్మాయి దగ్గరికి వెళ్లి, ‘హాల్లో నేను అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒక్క మాట చెప్పండి. దాని తర్వాత ‘కానీ’ అనకండి. నవల చేతికి ఇవ్వకండి, అది కూర్చునే చోట పెట్టి కనిపించేలా చేయడం కూడా వద్దు, పిల్లలకు ఆ ఎత్తులన్నీ తెలుసు. దానికి ఏ సీను దగ్గర ఏడుపొచ్చిందో అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో కలగజేసుకోకుండా వినండి, ఇది మీకు కష్టమని తెలుసు. బస్సు దిగి పరుగెత్తడం దగ్గరే అంటే, ఎందుకని అడగండి. వెనక్కి వచ్చినందుకు సంతోషపడి ఏడ్చిందో, అంత దూరం వెళ్లిన మనిషి మళ్లీ అక్కడికే వస్తోందే అని ఏడ్చిందో మీకు తెలియదు కదా. ఆ రెండోదే అయితే, మీ అమ్మాయి నవల చదవకుండానే మీ నవల దాకా వచ్చేసినట్టు.

తర్వాత మీరొక్కరే సినిమాకి మళ్లీ వెళ్లండి, ఇంకా ఆడుతుంటే. మొదటిసారి చూసినప్పుడు లేనివే కనిపిస్తాయి: ఇది లేదు, అది లేదు, పిన్ని లేదు. ఆ లెక్కంతా అయిపోయింది కాబట్టి రెండోసారి ఉన్నవి కనిపిస్తాయి. ఆ అమ్మాయి ఎక్కడెక్కడ నవ్వుతోందో ప్రత్యేకంగా గమనించండి. నవల్లో ‘ఆమె ఏమీ అనలేదు’ అని రచయిత రాసిన చోట నటి ఊరికే నిలబడితే చూసేవాళ్లకు ఏమీ అందదు. ఆ మౌనం బదులుగా నవ్వుని పెట్టుకుందేమో. బాధ దాచుకోవడానికి కొందరు మాట్లాడరు, కొందరు నవ్వుతారు. అలా అయితే నా మాట వెనక్కి తీసుకుని నవ్వు విషయంలో కూడా ఆ అమ్మాయి పక్షం చేరతాను. లేదు, నవ్వు బాగుంటుందని ఊరికే నవ్వించారనిపిస్తే, మీరు రాసిందే ఖాయం.

అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. ఇంట్లోవాళ్లతో రాజీ కోసం నచ్చిందని అబద్ధం చెప్పనక్కర్లేదు. చెప్పేటప్పుడు మాత్రం నవల పేరెత్తకుండా, ఆ సినిమాలో చూసినదాంతోనే అయిదు నిమిషాలు మాట్లాడటానికి ప్రయత్నించండి. మీ అమ్మాయి ఎదురు వాదిస్తే మంచిదే. వాదన ముదిరి ‘అసలు ఆ పుస్తకంలో ఏముంది?’ అని అదే అడిగితే, ముగింపు గురించి ఇంకొక్క మాట కూడా అనకుండా పిన్ని గురించి చెప్పండి. సినిమాలో లేని మనిషి కదా, ఆమెను మీ అమ్మాయి ఇంకా చూడలేదు. మీకు మిగిలింది ఆ ఒక్క మనిషే, జాగ్రత్తగా చెప్పండి.

పిన్ని విషయంలో నా ఊహ తప్పో ఒప్పో ఒక కార్డు ముక్క రాయండి. నవల పేరు కూడా రాస్తే, నేను కొట్టేసిన మూడింట్లో ఉందో లేదో చూసుకుంటాను.